రోకలికి రెండో పని

సాల్మన్ గారి వంటింట్లో ఏ వస్తువూ అది పుట్టిన పని చెయ్యదు. అది ఆ ఇంటి మొదటి సూత్రం. గరిటె కలపదు, చిల్లుల గిన్నె నీళ్లు వడకట్టదు, జంతికల గొట్టం దగ్గరికి జంతికల పిండి రానే రాదు. కొత్తగూడ ఫ్లైఓవర్ పక్క అపార్ట్‌మెంట్లో ఆ ఇంటికి కోడలిగా అడుగుపెట్టిన రూబీకి ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. పెళ్లి మాటల్లో అబ్బాయి ఉద్యోగం చెప్పారు, తాగడని చెప్పారు, ఆదివారం ఆరాధన తప్పడని చెప్పారు. మామగారు చిల్లుల గిన్నెతో కొత్తిమీర దువ్వుతారని మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు.

రూబీది భీమవరం. కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున్నే టీ పెడదామని వంటింట్లోకి వెళ్తే, లుంగీ బనీనులో సాల్మన్ గారు. చిల్లుల గిన్నెను రెండు పప్పు డబ్బాల మధ్య ఇరికించి, కొత్తిమీర కాడల్ని ఒక్కొక్కటే చిల్లులో దూర్చి అవతలి నుంచి లాగుతున్నారు. అదీ ఎడమ చేత్తో. కుడి చెయ్యి మాత్రం బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా వీపు వెనక్కి పెట్టుకున్నారు.

"ఏంటండి మామయ్యగారూ, ఏం చేస్తున్నారు?"

"కొత్తిమీర వలుస్తున్న బిడ్డా. జర ఇటు జూడు. కాడ పట్టి గుంజితే ఆకంత ఇవతలనే రాలిపోతది. ఎట్లున్నది?"

నిజంగానే ఆకంతా ఇవతల కుప్పగా రాలింది. బాగుందని ఒప్పుకోవడానికి రూబీకి మనసొప్పలేదు.

"చాకుతో కోసేస్తే అయిపోతుంది కదండి?"

సాల్మన్ గారు ఉలిక్కిపడ్డారు. ఆమె చాకు అన్నట్టు కాదు, పాము అన్నట్టు.

"మనింట్ల కత్తి గిత్తి ఉండవు బిడ్డా. దానికి కోసుడు తప్ప రెండో పని రాదు. ఒక్క పని తెలిసినోన్ని కూసోబెట్టి మేపుతమా? మా జీడిమెట్ల కంపెనీల ఒక్కొక్కడు మూడు పనులు జేసెటోడు. ఫిట్టర్ వాడే, ఎలక్ట్రీషియన్ వాడే, లారీ వస్తే హమాలీ గూడ వాడే. గీ గరిటెకేం రోగం?"

జీడిమెట్ల మందుల కంపెనీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. కంపెనీ ఆయన్ని వదిలింది కానీ ఆయన మెయింటెనెన్సును వదల్లేదు. యంత్రాలు దొరక్క వంటింటి మీద పడ్డారు. 'గీ గరిటెకేం రోగం' అన్నది ఆ ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన కంటే ఎక్కువసార్లు వినిపించే మాట.

వెల్లుల్లి వలవాలంటే ఆయన పద్ధతి వేరు. రెండు స్టీలు గిన్నెలు మూతికి మూతి ఆనించి, మధ్యలో వెల్లుల్లి పాయలు వేసి, గిన్నెల జంటను చంకలో ఇరికించుకుని ఒళ్లంతా ఊపుతారు. పొట్టు ఊడిపోయి పాయలు తెల్లగా బయటికొస్తాయి. ఆ చప్పుడుకి ఎదురింటి రుక్కమ్మ చెంబు చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఆ అపార్ట్‌మెంట్ లేచిన నేలంతా ఒకప్పుడు రుక్కమ్మ మామగారి జొన్నచేను. అందుకే ఆమె ఎవరింటికైనా తలుపు కొట్టకుండానే వస్తుంది.

"ఏంది సాల్మనన్నా, పొద్దుగాల్నే తాళాలు వాయిస్తున్నవ్? మీ పండుగ గిట్ల ఉన్నదా?"

"పండుగ లేదు రుక్కమ్మక్కా, ఎల్లిగడ్డ పొట్టు దీస్తున్న."

రుక్కమ్మ ముక్కున వేలేసుకుంది. "ఎనకటికొకడు పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నడంట!"

"మరి రోకలికి గది గూడ ఒక పనే గద అక్కా," అన్నారు సాల్మన్ గారు గిన్నెలు ఆపకుండానే. "నీ రోకలి ఉన్నదా ఇంట్ల? జర ఇస్తవా?"

రుక్కమ్మ ఇంట్లో నిజంగానే రోకలి ఉంది. పెళ్లిళ్లకు పసుపు దంచే పాత రోకలి. దాన్ని అడిగినప్పుడల్లా ఆమె చీర కొంగు బిగించి, "మా అత్త రోకలి, నీ అసొంటోని చేతికిస్తనా?" అని వెళ్లిపోయేది. ఆయన మళ్లీ అడిగేవారు. ఇది వారానికోసారి జరిగే కార్యక్రమం.

అన్నీ ఇంత సజావుగా సాగేవి కాదు. గోంగూర కడిగాక తడి ఆరట్లేదని ఒకసారి దాన్ని దిండు గలీబులో కట్టి వాషింగ్ మెషిన్లో తిప్పారు. ఆకు బ్రహ్మాండంగా ఆరింది. అందులోనే ఉన్న కిరణ్ పాల్ తెల్ల చొక్కా మాత్రం లేత పచ్చగా బయటికొచ్చింది. కిరణ్ పాల్ అంటే ఆయన కొడుకు, రూబీ మొగుడు. ఆ చొక్కాతోనే నాలుగు రోజులు ఆఫీసుకెళ్లాడు. ఇంటికి కొత్త రంగు వేసినా వారానికి గాని గమనించే మనిషి కాదు. పూరీల ప్రెస్సులో టమాటా నొక్కినప్పుడు గింజలు ఎగిరి వెళ్లి అతని వీడియో మీటింగులో, సరిగ్గా అతని నుదుటి మీద అతుక్కున్నాయి. అవతల మేనేజరు ఏమయిందని అడిగితే, "ఆఁ, చూద్దాం సర్," అన్నాడట. ఏది అడిగినా అతని జవాబు అదే.

ఇవన్నీ రూబీ ఆఫీసులో చెప్పి నవ్వించేది. హైటెక్ సిటీలో ఆమె పని చేసే అంతస్తులో, లంచ్ డబ్బా తెరవగానే, "ఈ రోజు బంగాళదుంప ఏ మిషన్లో నలిగింది?" అని అడిగేవాళ్లు తయారయ్యారు. "జంతికల గొట్టం," అనేది రూబీ. అందరూ పడీ పడీ నవ్వేవాళ్లు. కూర మాత్రం డబ్బాలో మిగిలేది కాదు.

నవ్వు రానిది ఒక్కటే. అత్తగారు.

రెబెక్కమ్మ గారు తక్కువ మాట్లాడే మనిషి. కుడి చెయ్యి ఎప్పుడూ కొంగు చాటునే ఉండేది. టీ గ్లాసు ఇస్తే ఎడమ చేత్తో. కంచం జరిపితే ఎడమ చేత్తో. క్రిస్మస్‌కి కోడలికి పట్టుచీర కొని, ప్రార్థన చేసి, అందరూ చూస్తుండగా ఆ చీరనూ ఎడమ చేత్తోనే అందించారు. భీమవరంలో రూబీ నాయనమ్మ ముందు ఎవరైనా ఎడమ చేత్తో అగ్గిపెట్టె ఇచ్చినా ఊరుకునేది కాదు. అలాంటిది కొత్త కోడలికి చీర! రూబీ ముఖం మాడిపోయింది. అది చూసి సాల్మన్ గారు గబుక్కున అందుకున్నారు.

"ఎడమ చేత్తో ఇస్తె ప్రేమ ఎక్కువ బిడ్డా. గుండె ఎటుదిక్కున్నది? ఎడమకే గద! దగ్గర తొవ్వ!"

అందరూ నవ్వారు. రెబెక్కమ్మ గారు మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయారు. రూబీ ఆ చీర మడత విప్పలేదు.

పైగా వంటింట్లోకి వెళ్తే చాలు, "నువ్వు పో బిడ్డా, ఆఫీసుకు లేటైతది," అని అత్తగారు వెనక్కి పంపేవారు. ఒక కూరగాయ ముట్టుకోనిచ్చేవారు కాదు. మనిషి చేతి వంట నచ్చకపోతే చెప్పొచ్చు, అసలు చెయ్యనివ్వకపోతే ఏమనుకోవాలి? రూబీ అనుకోవలసిందే అనుకుంది: అత్తయ్యగారికి నేనంటే ఇష్టం లేదు.

"మనం వేరే ఉందామండి," అంది ఒక రోజు మొగుడితో. "మదీనాగూడలో మా ఆఫీసు అమ్మాయి వాళ్ల పక్క ఫ్లాట్ కిరాయికి ఉందట."

కిరణ్ పాల్ చెవుల్లోంచి ఇయర్ ఫోన్లు తీశాడు. తీశాడంటే విషయం కొంత అర్థమైందన్నమాట. "ఎందుకు? ఇక్కడేమైంది?"

"మీ నాన్నగారు వంటింట్లో కత్తి ఉండనివ్వరు, మీ అమ్మగారు వంటింట్లో నన్ను ఉండనివ్వరు. ఇంకేం కావాలి?"

"ఆఁ, చూద్దాం."

వెళ్లే ముందు ఒక్క ప్రయత్నం చేద్దామనుకుంది రూబీ. మామగారి పుట్టినరోజుకి మంచి చాకుల సెట్టు తెచ్చింది. నున్నటి చెక్కదిమ్మ, దానిలో నిలబెట్టిన చిన్నా పెద్దా చాకులు. సాల్మన్ గారు ఆ డబ్బా విప్పి, మూత మళ్లీ మూసేశారు. ఆయన చూపు భార్య వైపు వెళ్లి వచ్చింది. తర్వాత, "శానా మంచిగున్నది బిడ్డా, దేవుడు నిన్ను సల్లగ జూడాలె," అన్నారు.

మర్నాటికి చాకులు మాయం. చెక్కదిమ్మ బాత్రూంలో ఉంది. దాని బెజ్జాల్లో ఇంటిల్లిపాది టూత్ బ్రష్షులు వరసగా నిలబడి ఉన్నాయి.

రూబీ అద్దంలో తనను తాను చూసుకుంటూ పళ్లు తోముకుంది. ఆ పూటే మదీనాగూడ ఫ్లాట్ ఓనరుకు ఫోన్ చేసి, ఆదివారం సాయంత్రం వచ్చి మాట్లాడతామంది.

ఆ ఆదివారమే వాళ్ల చర్చిలో కోతల పండుగ. ఆరాధన అయ్యాక ప్రేమ విందు. ముందురోజు శనివారం మధ్యాహ్నం, సంఘంలోని ఆడవాళ్లంతా ఇంటి నుంచి కత్తిపీటలు తెచ్చుకుని చర్చి హాల్లో కూర్చుని కూరగాయలు తరుగుతారు. వంకాయల గంప మాత్రం ఒక్క రెబెక్కమ్మ గారి ముందే పెడతారు. గుత్తి చెదరకుండా, తొడిమ తెగకుండా నాలుగు చీలికలు చెయ్యడంలో ఆమె చెయ్యి పెట్టింది పేరు. మొదటి వంకాయ ఆమె కోస్తే గాని మిగతా కత్తిపీటలు కదలవు. ఇదంతా రూబీకి పాస్టరమ్మ ఎవాంజెలిన్ గారు చెప్తేనే తెలిసింది. పిలవడానికి ఆమె స్వయంగా ఇంటికి వచ్చారు.

"పోయినేడు జలుబన్నవ్, రాలేదు. వంకాయలు ఎవరికి వాళ్లం కోసినం, వండే గంజులనే కూర సగం ముక్కలై పోయింది. ఈసారి వంక జెప్పకు వదినా. నీ చెయ్యి పడందే కోతల పండుగే గాదు."

రెబెక్కమ్మ గారు తల దించుకున్నారు. కొంగు చాటు చెయ్యి ఇంకా లోపలికి పోయింది. ఆ ముఖం చూసి, మనుషులంటేనే పడదు కాబోలు ఈమెకి అనుకుంది రూబీ.

అంతలో సాల్మన్ గారు లేచి నిలబడ్డారు. "వస్తది, ఎందుకు రాదు? కానీ ఈసారి నేను గూడ వస్త పాస్టరమ్మా. కత్తిల్లేకుండ కోత అంటె ఏందో సంఘానికి జూపిస్త. ఇంట గెలిచిన, ఇగ రచ్చ గెలవాలె!"

ఎవాంజెలిన్ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ వెళ్లారు. రూబీకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. సంఘంలో ఆమె ఆఫీసు వాళ్లే ఇద్దరున్నారు. శనివారం మామగారు చంకలో గిన్నెలు పెట్టుకుని ఊగితే, సోమవారం లంచ్ డబ్బా ఎలా తెరవాలి?

శుక్రవారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ చార్జర్ మర్చిపోయి రూబీ ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. తన తాళంచెవితో తలుపు తీసి లోపలికి అడుగు పెట్టి, అలాగే ఆగిపోయింది.

భోజనాల బల్ల ముందు సాల్మన్ గారు కూర్చుని ఉన్నారు. ఆయన కుడి చేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసుకున్నారు. ముందు ఇడ్లీ రేకు. దాని గుంతలో ఒక వంకాయ, తొడిమ కిందికి పెట్టి తలకిందులుగా నిలబడి ఉంది. ఎడమ చేతిలో స్టీలు పప్పు గుత్తి. దాని అడుగున అడ్డంగా నిలువుగా ఉండే రేకుల్ని ఆకురాయితో అరగదీసి పదును పెట్టినట్టున్నారు, తళతళలాడుతున్నాయి. వంకాయ నెత్తిన ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కారు. వంకాయ నాలుగు చీలికలైంది. తొడిమ దగ్గర ఆగింది. పువ్వులా విచ్చుకుంది.

"నాకొచ్చింది! ఇగ నువ్వు."

ఎదురు కుర్చీలో రెబెక్కమ్మ గారు. ఆమె కుడి చెయ్యి మొదటిసారి కొంగు బయట, బల్ల మీద ఉంది. వేళ్లు సగం ముడుచుకుని, ఎవరో అక్కడ పెట్టి మర్చిపోయినట్టు పడి ఉంది. ఆమె ఎడమ చేత్తో గుత్తి అందుకుని నొక్కారు. వంకాయ ఒరిగిపోయింది. ఇంకోటి పెట్టారు. అదీ ఒరిగింది. మూడోది విచ్చుకుంది. ఆమె నవ్వారు. అత్తగారి పళ్లు అంత అందంగా ఉంటాయని రూబీకి ఇన్నాళ్లూ తెలియదు.

"అందరి ముందట నాతోని అయితదా?" అన్నారామె.

"ఎందుకు గాదు? నేను ముందుగల్ల గిన్నెలు పట్టి గంతులేస్త. అందరు నన్ను జూసి నవ్వుతరు. నీ చెయ్యి ఎవరు జూస్తరు?"

తలుపు దగ్గర రూబీ తాళంచెవి గలగలమనకుండా గుప్పిట్లో బిగించింది.

"కోడలు మనసు కష్టపెట్టుకుంటున్నదయ్యా," అన్నారు రెబెక్కమ్మ గారు. "ఎడమ చేత్తో ఇస్తుంటె మొఖం చిన్నగ జేస్కుంటది. చూస్తుంటె నా పానం ఉసూరుమంటది."

"చెప్పేస్త అంటె నువ్వే వద్దంటివి. నా నోటికి తాళమేస్తివి."

"చెప్తె ఏమైతది? నౌకరి ఇడిసిపెట్టి వంటింట్ల నిలవడతది. మంచి పిల్ల, నిలవడతది. అందుకే భయం. నన్ను ఏమనుకున్నా ఫికర్ లేదు. వచ్చీ రాంగనే నా చేతికి అది చెయ్యి గావొద్దు."

అప్పుడు గాని రూబీ బుర్రలో గంట మోగలేదు. పూర్తి కథ ఆమెకు తర్వాత తెలిసింది. పెళ్లి మాటలు నడుస్తున్న రోజుల్లో రెబెక్కమ్మ గారికి చిన్న పక్షవాతం వచ్చింది. కిరణ్ పాల్ అప్పుడు పుణేలో ప్రాజెక్టు మీద ఉన్నాడు, అతనికీ చెప్పలేదు. దవాఖాన నుంచి వచ్చాక కాలు తేరుకుంది, మాట తేరుకుంది, కుడి చేతి పట్టు మాత్రం రాలేదు. ఎవరి చేత పని చేయించుకునే మనిషి కాదు, ఎవరి జాలీ గిట్టని మనిషి. ఇంటికొచ్చిన వారంలోనే ఎడమ చేత్తో కత్తిపీట ముందు కూర్చుని వేలు తెగ్గోసుకున్నారు. ఆ సాయంత్రమే సాల్మన్ గారు ఇంట్లో ఉన్న కత్తుల్నీ కత్తిపీటనీ మూటగట్టి అటక మీద పడేసి, కత్తికి రెండో పని రాదని ప్రకటించారు. ఆ రోజు నుంచి ప్రతి సామానూ ముందు తన ఎడమ చేత్తో పరీక్షించాకే ఆమె చేతికిచ్చారు. లోకమంతా ఆయన్ని పిచ్చోడంది. ఆయనకు కావలసింది అదే. పిచ్చోడి ఇంట్లో ఆడమనిషి చెయ్యి ఎందుకు కదలట్లేదని ఎవరూ అడగరు.

రూబీ చప్పుడు కాకుండా తలుపు వేసి లిఫ్ట్ దగ్గరికొచ్చి నిలబడింది. చార్జరు సంగతి గుర్తే లేదు. రుక్కమ్మ చెత్తబుట్టతో బయటికొచ్చి ఆమె కళ్లు చూసింది.

"ఏమైంది బిడ్డా, ఏడుస్తున్నవా?"

"లేదండి, ఉల్లిపాయలు."

"మీ ఇంట్ల ఉల్లిగడ్డ గూడ కోస్తరా?" అని ఆశ్చర్యపోయింది రుక్కమ్మ.

శనివారం మధ్యాహ్నం చర్చి హాలు కత్తిపీటలతో నిండిపోయింది. సాల్మన్ గారు గోనెసంచీ నిండా సామాను మోసుకొచ్చి, చంకలో గిన్నెలు బిగించి, ఇంకా ఒక్క ఊపు ఊపారో లేదో, ఎవాంజెలిన్ గారు అడ్డం వచ్చారు.

"అన్నా, ఇది ఆడోళ్ల కోత. మగోళ్లకు ఈడ జాగ లేదు, అది మన సంఘం పద్ధతి. నువ్వు బయటికి నడువు. షామియానా కట్టెటానికి మనుషులు తక్కువున్నరు."

"అమ్మా, జర ఒక్క..."

"నడువన్నా!"

ఈ ఒక్కటి సాల్మన్ గారి లెక్కలో లేదు. ఆయన్ని బయటికి తోసి తలుపు దగ్గరికి వేశారు. మరుక్షణం కిటికీ ఊచల మధ్య ఆయన ముఖం ప్రత్యక్షమైంది. ఆ ముఖంలో నవ్వు లేదు. చేతిలో షామియానా తాడు ఉంది, దాని సంగతి ఆయనకు గుర్తు లేదు.

లోపల వంకాయల గంప వచ్చి రెబెక్కమ్మ గారి ముందు కూర్చుంది. ఎవాంజెలిన్ గారు తన కత్తిపీటనే ఆమె వైపు జరిపారు. "కానియ్యి వదినా. మొదటిది నీదే."

అందరి కళ్లూ ఆ కొంగు మీదే. రెబెక్కమ్మ గారు కొంగు ఇంకా బిగించుకున్నారు. ఇంకొక్క క్షణమైతే ఆమె లేచి వెళ్లిపోయేవారు. వెళ్తే మళ్లీ ఆ హాల్లోకి వచ్చేవారు కాదు.

"ఆగండి, ఆగండి, ఆగండి!"

రూబీ మధ్యలోకి దూకింది. నోరెత్తి గట్టిగా మాట్లాడని భీమవరం పిల్ల, గోనెసంచీ బోర్లించి సామానంతా గలగలా నేల మీద పోసింది. చున్నీ తీసి తన కుడి చేతిని నడుముకి కట్టేసుకుంది.

"మా ఇంట్లో కత్తి నిషేధం అండి. ఈ రోజు ఇక్కడా నిషేధమే! ముందు ఒక ఆట. అందరూ కుడి చెయ్యి వెనక్కి పెట్టండి. మా మామయ్యగారి సామానుతో, ఎడమ చేత్తో, ఎవరు తొడిమ తెగకుండా వంకాయ కోస్తారో చూద్దాం. గెలిచినవాళ్లు చెప్పిన కూరే రేపు విందులో. పాస్టరమ్మగారూ, మీరే మొదలు!"

"ఓ యేసయ్యా," అన్నారు ఎవాంజెలిన్ గారు. "ఈ పిల్లకు గూడ అంటింది!"

కానీ ఆటంటే ఎవరికి చేదు? క్షణాల్లో హాలంతా కుడి చేతులు వీపు వెనక్కి వెళ్లాయి. తర్వాత జరిగింది కోత కాదు, ప్రళయం. ఎవాంజెలిన్ గారి వంకాయ జారి వెళ్లి హార్మోనియం కింద దాక్కుంది. ఒకామె గ్లాసుతో నొక్కితే వంకాయ ఎగిరి పక్కామె ఒళ్లో పడింది. రూబీ చిల్లుల గరిటెతో పొడిచి పొడిచి తన వంకాయని పచ్చడి చేసింది. కడుపు చెక్కలయ్యేలా నవ్వుతూ, కళ్లు తుడుచుకోవడానికి కూడా అందరూ ఎడమ చేతులే వెతుక్కుంటున్నారు.

ఆ గోలలో రెబెక్కమ్మ గారు నెమ్మదిగా ఇడ్లీ రేకు దగ్గరికి లాక్కున్నారు. గుంతలో వంకాయ పెట్టారు. పప్పు గుత్తి ఆనించి నొక్కారు. పువ్వు విచ్చుకుంది. ఇంకోటి. ఇంకోటి. చూస్తుండగానే ఆమె ముందు వంకాయ పువ్వులు కుప్ప పడ్డాయి.

"నా తల్లే!" అన్నారు ఎవాంజెలిన్ గారు. "ఎడమ చేత్తో గూడ నిన్ను గెలిచేటట్టు లేము వదినా! చెయ్యంటె నీదే చెయ్యి!"

హాలంతా చప్పట్లు కొట్టబోయి, ఒక్క చేతులే ఖాళీగా ఉన్నాయని గుర్తొచ్చి, తొడల మీద కొట్టుకుంది. బయట కిటికీ దగ్గర సాల్మన్ గారు రెండు చేతులా చప్పట్లు కొట్టారు. తాడు వదిలేసినందువల్ల షామియానా ఒక పక్క కూలి కింద ఉన్న మగవాళ్లని కప్పేసింది.

సందడి తగ్గాక టీలు వచ్చాయి. రెబెక్కమ్మ గారు ఒక గ్లాసు ఎడమ చేత్తో తీసి కోడలికి అందించారు. రూబీ కట్టు విప్పకుండా ఎడమ చేత్తోనే అందుకుంది. ఇద్దరి చూపులూ కలిశాయి.

"తెలిసిందా?" అన్నారామె మెల్లగా.

"దగ్గర దారి కదండి, అత్తయ్యా," అంది రూబీ. ఎడమ చేత్తో టీ తాగడం రాక సగం చున్నీ మీద ఒంపుకుంది.

ఆదివారం సాయంత్రం కిరణ్ పాల్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. "మదీనాగూడ ఓనరు అడుగుతున్నాడు, వస్తున్నారా అని. ఏం చెప్పమంటావ్?"

"చూద్దాం అని చెప్పండి," అంది రూబీ. తర్వాత అతన్ని కూర్చోబెట్టి, ఇయర్ ఫోన్లు తీయించి అంతా చెప్పింది. కిరణ్ పాల్ ఫోన్ పక్కన పెట్టేశాడు. లేచి వెళ్లి అమ్మ కుడి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కూర్చున్నాడు. అమ్మ తిట్టింది: "ఏడవకురా, ఇప్పుడేమైంది? ఏడిస్తె నీ పచ్చంగికి మరకలైతయ్." అప్పుడు చూసుకున్నాడు తన చొక్కా రంగు.

రూబీ ఉద్యోగం మానలేదు. మానితే అత్తగారే మదీనాగూడ ఫ్లాట్‌కి వెళ్లిపోతానన్నారు. ఫిజియోథెరపీ మాత్రం పెట్టించింది. పిసకమని డాక్టరు రబ్బరు బంతి ఇచ్చాడు. బంతికి ఒక్కటే పని కాబట్టి సాల్మన్ గారు దాన్ని పక్కన పెట్టి, చపాతీ పిండి ముద్ద చేతికిచ్చారు. గీ పిండికేం రోగం?

వానలు పడ్డాక ఒక ఆదివారం. రూబీ వంటింట్లోకి వెళ్లేసరికి రెబెక్కమ్మ గారు గోడ వైపు తిరిగి ఏదో దాస్తున్నారు. రూబీ తొంగి చూసింది. ఎప్పుడో మాయమైన తన సెట్టులోని చిన్న చాకు. కుడి చేతిలో. వేళ్లు వణుకుతున్నాయి కానీ పట్టు ఉంది. పలక మీద ఒక నిమ్మకాయ, వంకరగా అయితేనేం, రెండు చెక్కలై ఉంది.

"అత్తయ్యా!" రూబీ అరవబోయింది. ఆమె నోటి మీద వేలు పెట్టుకున్నారు.

"అరవకు! ఆయన ఇంటడు."

"వినాలి కదండి! ఎంత సంతోషిస్తారో!"

"సంతోషిస్తడు. తెల్లారి నుంచి ఏం జేస్తడు? పాపం, నిన్ననే గుమ్మడికాయ మీద మనసు పడ్డది. మొఖంల కళ జూసినవా? కొన్నాళ్లు ఆగుదం బిడ్డా. నాకు చెయ్యొస్తె ఆయన చేతులు ఖాళీ అయితయ్."

హాల్లోంచి సాల్మన్ గారి గొంతు ఖంగుమంది. "రెబెక్కా! అందరు ఇటు రాండ్రి! రుక్కమ్మక్క రోకలి ఇచ్చింది!"

"ఇయ్యక సస్తనా?" అంది వెనకే రుక్కమ్మ. "నా తలకే చుట్టేటట్టున్నవ్!"

రెబెక్కమ్మ గారు చాకును గబగబా పిండి డబ్బాలో దాచేసి, కుడి చేతిని కొంగు చాటుకి చేర్చి, ముఖం అమాయకంగా పెట్టుకున్నారు. "పద బిడ్డా," అన్నారు. "గుమ్మడికాయ పగిల్నాక ముక్కలు ఏరాలంటె మనిద్దరికి పొద్దుగూకుతది."